కండబలమూ, ఆలస్యంగా వచ్చిన నీలిరంగూ

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వచ్చే రహదారి పక్కన ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం వంటి ఊళ్లలో ఇప్పుడు వ్యాయామశాలలు చాలానే వెలిశాయి. పాశమైలారం కర్మాగారాలలో షిఫ్టు ముగించిన యువకులు కొందరు తిన్నగా అక్కడికే వెళతారు. పగలంతా బస్తాలు మోసి, డ్రమ్ములు దొర్లించి, సాయంకాలం డబ్బు కట్టి మరీ ఇనుము ఎత్తడం నా వయసువారికి కొంత వింతగానే తోస్తుంది. అక్కడి గాజు బీరువాలలో పెద్ద పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు పేర్చి ఉంటాయి. వాటిలో కొన్నింటిపై ‘క్రియాటిన్’ అనే మాట కనబడుతుంది. నా పూర్వ విద్యార్థి ఒకడు ఆ డబ్బా ఫోనులో చూపించి, "సార్, ఇది తాగితే కండ వస్తదంటున్నరు, నిజమేనా?" అని అడిగాడు.

తెలుగు పండితుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదది. మంచిచెడ్డలూ, మోతాదూ వైద్యుణ్ణి అడగమన్నాను. అయితే ఆ పదార్థం కండరంలో ఏ రూపంలో ఉండి ఏ పని చేస్తుందో లోకానికి తెలిపిన ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారని చెప్పాను. "ఏటీపీ కనిపెట్టినాయనే కద సార్" అన్నాడు వాడు.

ఆ ఒక్క మాట మాత్రం మనవాళ్లలో చాలామందికి తెలుసు. ఏటా జనవరి 12న, ఆయన జన్మదినాన, అంతర్జాలంలో అదే వాక్యం తిరుగుతూ ఉంటుంది. ఏటీపీ కనిపెట్టారు, నోబెల్ ఇవ్వలేదు, అన్యాయం జరిగింది. అన్యాయం జరిగిన మాట నిజమే. కానీ ఆ మహనీయుడు కండరంలో నిజంగా చూసినదేమిటో చెప్పకుండా ఈ మూడు ముక్కలే వల్లిస్తూ పోవడం కూడా ఒక రకమైన అన్యాయమేనని నా అభిప్రాయం. ఈ టపా అందుకోసమే.

ముందు రెండు మాటల భేదం చెప్పుకోవాలి. వ్యవహారంలో బలం, శక్తి అనే రెంటినీ మనం ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాం. బడి పుస్తకాలు మాత్రం వీటిని జాగ్రత్తగా వేరుచేశాయి. లాగేది, నెట్టేది బలం. ఆ లాగడానికి చెల్లించే వెల శక్తి. కండరాన్ని గురించి మానవుడు తెలుసుకొన్న చరిత్ర అంతా ఈ రెండు ప్రశ్నల చరిత్రే. కండరం ఎలా లాగుతుంది? దానికి ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది? విచిత్రమేమిటంటే రెండో ప్రశ్నకే ముందు జవాబు దొరికింది. అందులో సుబ్బారావుగారి చేయి ఉంది.

మన సుశ్రుతుడు శరీరంలో అయిదు వందల పేశులను లెక్కించాడు. కాళ్లుచేతులలో నాలుగు వందలు, మొండెంలో అరవై ఆరు, మెడకు పైన ముప్ఫై నాలుగు. నేటి శరీరశాస్త్రజ్ఞుల లెక్క ఆరు వందలు దాటుతుంది. పాశ్చాత్యులలో గాలెన్ మహాశయుని కాలం నుంచి పదిహేను శతాబ్దాల పాటు నిలిచిన నమ్మకం ప్రకారం, నాడుల గుండా ఒకానొక సూక్ష్మవాయువు దిగివచ్చి కండరాన్ని ఉబ్బిస్తుంది. జబ్బ బిగిస్తే కండ పొంగడం కంటికి కనబడుతున్నదే కదా! పదిహేడవ శతాబ్దంలో హాలండు దేశీయుడైన స్వామర్‌డామ్ కప్ప కండరాన్ని గాజుగొట్టంలో అమర్చి, కొసన ఒక నీటిచుక్క నిలిపి, నాడిని మీటి చూశాడు. కండరం ముడుచుకొంది గాని నీటిచుక్క పైకి జరగలేదు. అనగా కండరంలోకి కొత్తగా ఏదీ వచ్చి చేరలేదు. పొడవు తగ్గినంత మేరకు మందం పెరిగింది, అంతే. 1680లో వెలువడిన బొరెల్లీ గ్రంథం మరో సంగతి తేల్చింది. మోచేతి దగ్గర కండరం అతుక్కొన్న చోటు కీలుకు చాలా దగ్గర, అరచేయి చాలా దూరం. కాబట్టి అరచేతిలో పట్టుకొన్న బరువుకు ఏడెనిమిది రెట్లు బలంతో కండరం లాగవలసి ఉంటుంది. పది కిలోల బిందె పట్టుకొన్న ఇల్లాలి చేతిలో కండరం డెబ్భై ఎనభై కిలోల లాగుడు లాగుతున్నదన్నమాట. 1791లో గాల్వానీ కప్పకాలును విద్యుత్తుతో ఎగిరింపజేసిన కథ అందరికీ తెలిసినదే.

ఇక ఖర్చు సంగతి. 1907లో ఇంగ్లండులో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే ఇద్దరు, అలసిపోయిన కప్ప కండరంలో లాక్టికామ్లం పేరుకొంటుందనీ, ప్రాణవాయువు అందితే అది తగ్గిపోతుందనీ చూపించారు. పెరుగును పులియజేసే ఆమ్లమే ఇది. అప్పటినుంచి పండితలోకం అంతా లాక్టికామ్లం మీద పడింది. చక్కెర విరిగి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లమే కండరాన్ని ముడుచుకొనేటట్లు చేస్తుంది అన్నది సిద్ధాంతం. దీనిపై కృషి చేసిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఏ.వి. హిల్, జర్మనుడు ఓటో మేయర్‌హాఫ్ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని పంచుకొన్నారు. ప్రశ్న తీరిపోయిందనే అందరూ అనుకొన్నారు.

సరిగ్గా ఆ రోజులలో, 1923 అక్టోబరు 26న, సుబ్బారావుగారు బోస్టన్ నగరంలో దిగారు.

ఆయన పూర్వకథ తెలుగువారికి కొంత పరిచితమే కనుక త్వరగా చెబుతాను. 1895లో జననం. పదమూడేళ్ల వయసులో కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇంటినుంచి పారిపోయిన బాలుడు. మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూలులో. పరీక్ష తప్పినవాణ్ణి పనికిరానివాడిగా లెక్కగట్టే ఉపాధ్యాయవర్గంలో ముప్ఫై ఏళ్లకు పైగా ఉన్నవాణ్ణి కనుక ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకొంటాను. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపునందుకొని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం అక్కడి ఆంగ్ల ఆచార్యుడికి గిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రావలసినవారికి ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా వచ్చింది. స్ప్రూ అనే జబ్బు ఆయన తోబుట్టువులలో ఇద్దరిని పొట్టన పెట్టుకొంది. ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వల్ల కోలుకొన్నారు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించారు. మామగారి సాయమూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయమూ కూడగట్టుకొని ఓడ ఎక్కారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆమెను ఆయన మళ్లీ చూడలేదు. తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. బోస్టనులో ఆయన పట్టా అక్కడ వైద్యం చేయడానికి చెల్లలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే కొలువు చేస్తూ హార్వర్డులో ఉష్ణమండల వైద్యంలో డిప్లమా చదివారు. ఆ తరువాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరారు.

ఫిస్కే ఆయనకు అప్పగించిన పని పైకి చూస్తే చాలా సామాన్యమైనది. రక్తంలోనూ, మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలవడానికి ఒక మంచి పద్ధతి కావాలి. అప్పటి పద్ధతులు నమ్మదగినవిగా లేవు. ఇద్దరూ కలిసి రూపొందించిన విధానం ఇది. పరీక్షింపవలసిన ద్రవంలో ఆమ్లమూ, అమ్మోనియం మాలిబ్డేటు లవణమూ కలుపుతారు. అందులో ఫాస్ఫేటు ఉంటే అది మాలిబ్డేటుతో జతకడుతుంది. పిమ్మట క్షయకరణం చేసే మరో రసాయనాన్ని చేరిస్తే ఆ జంట చక్కని నీలిరంగుగా మారుతుంది. ఫాస్ఫేటు ఎక్కువైన కొద్దీ నీలం చిక్కనవుతుంది. తెలిసిన మోతాదుతో చేసిన నీలాన్ని పక్కన పెట్టి పోల్చిచూస్తే లెక్క తేలుతుంది. 1925లో ఈ పద్ధతి జీవరసాయన పత్రికలో అచ్చయింది. విజ్ఞానశాస్త్ర చరిత్రలో అత్యధికంగా ఉదాహరింపబడిన పత్రాలలో అదొకటి.

ఇప్పుడు అసలు ఘట్టానికి వచ్చాం. ఇదే పరీక్షను కండరంపై చేశారు. కండరాన్ని చల్లగా ఉంచి, మెత్తగా నూరి, మాంసకృత్తులను తొలగించి, మిగిలిన తేటలో రసాయనాలు కలిపారు. రక్తపు తేటలోనైతే నీలిరంగు కొద్ది నిమిషాలలో పూర్తిగా వచ్చి నిలిచిపోతుంది. కండరపు తేటలో అలా జరగలేదు. మొదట పలుచగా వచ్చింది. తరువాత నెమ్మది నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది.

ఇటువంటిది కనబడినప్పుడు నూటికి తొంభైమంది ఏం చేస్తారు? రసాయనం పాతబడిందనుకొంటారు. లేదా ఇంకాసేపు ఆగి, రంగు నిలిచాక లెక్క రాసుకొని, ఇంటికి వెళతారు. అంతకుముందు కండరంలో భాస్వరం కొలిచినవారందరి లెక్కల్లోనూ ఈ దోషం దాగి ఉన్నదే. ఫిస్కే, సుబ్బారావుగారు ఆ ఆలస్యం దగ్గరే ఆగారు. ఫాస్ఫేటు విడిగా ఉంటే రంగు ఆలస్యం కావడానికి కారణం లేదు. కనుక కండరంలో ఫాస్ఫేటు విడిగా లేదు. దేనినో పట్టుకొని ఉంది. ఆ పట్టు ఎంత సడలినదంటే, పరీక్షకోసం కలిపిన ఆమ్లానికే కొద్దికొద్దిగా విడిపోతున్నది. విడిపోయినంత మేరకే రంగు తేలుతున్నది. అంతదాకా అందరూ కండరంలోని ‘నిరింద్రియ ఫాస్ఫేటు’గా లెక్కవేసిన దానిలో అధికభాగం, పరీక్ష చేతుల్లో విరిగిన మరో పదార్థం!

ఆ పట్టుకొన్నది ఏది? క్రియాటిన్. 1832లో షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త మాంసరసం నుంచి వేరుచేసి, మాంసమనే అర్థం గల గ్రీకు మాటతో పేరుపెట్టినది. దాదాపు నూరేళ్లుగా అది కండరంలో ఎందుకుందో ఎవరికీ తెలియదు. ఫాస్ఫేటు ఎన్ని అణువులు విడుదలవుతున్నాయో క్రియాటిన్ కూడా అన్నే విడుదలవుతున్నదని వీరు చూపించారు. ఆ జంటకు ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. 1927లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన చిన్న వ్యాసంలోని ముఖ్యాంశం మరింత అందమైనది. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో మీటి పనిచేయిస్తే ఈ జంట విడిపోతుంది. కండరానికి విశ్రాంతినిస్తే మళ్లీ కలుస్తుంది. అలసట, తేరుకోవడం అని మనం మాటలలో చెప్పుకొనేవి గాజుపాత్రలో నీలిరంగు వేగంగా కనబడ్డాయి.

అదే ఏడు లండనులో ఎగుల్టన్ దంపతులు కప్ప కండరంలో ఇటువంటి అస్థిర పదార్థాన్నే కనుగొని ‘ఫాస్ఫాజెన్’ అని నామకరణం చేశారు. అయితే అందులో ఉన్నది క్రియాటిన్ అని తేల్చినవారు హార్వర్డు జంటే. కనుక క్రియాటిన్ డబ్బా విషయంలో మన గర్వం పూర్తిగా న్యాయమైనది.

ఏటీపీ విషయంలో కొంచెం నిదానించాలి. కండరపు తేటలో ఫాస్ఫోక్రియాటిన్ కాక మరో భాస్వర పదార్థం కూడా ఉందని వీరు గుర్తించి దానిని వేరుచేశారు. మూడు ఫాస్ఫేటులు వరుసగా తగిలించుకొన్న ఎడినోసిన్, అదే ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు. ఈ సంగతి 1929లో ప్రకటించారు. అదే సంవత్సరం, కొద్దిగా ముందుగా, మేయర్‌హాఫ్ సహచరుడు కార్ల్ లోమన్ జర్మనీలో ఇదే పదార్థాన్ని వేరుచేసి ప్రకటించాడు. ఇరుపక్షాలూ ఎవరికి వారుగా చేరిన గమ్యం. కాబట్టి ‘సుబ్బారావుగారు ఒక్కరే ఏటీపీని కనిపెట్టారు’ అన్నది చరిత్ర కాదు. లోమన్ పేరు, ఫిస్కే పేరు చెప్పినంత మాత్రాన మనవారి పేరు చిన్నదైపోదు. పైగా ఆ దశలో ఏటీపీ ప్రాధాన్యం ఏమిటో కనిపెట్టినవారికే పూర్తిగా తెలియదు.

లాక్టికామ్ల సిద్ధాంతం కూలింది మాత్రం వెనువెంటనే. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ ఒక విషపదార్థంతో కండరంలో లాక్టికామ్లం పుట్టకుండా ఆపాడు. అయినా కండరం ముడుచుకొంది! ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నంతసేపు పనిచేసి, అది అయిపోగానే బిగుసుకుపోయింది. ఆమ్లం కారణం కాదని తేలిపోయింది. నోబెల్ పుచ్చుకొన్న హిల్ మహాశయుడే 1932లో ‘కండర శరీరధర్మశాస్త్రంలో విప్లవం’ అనే అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాసి ఈ మార్పును స్వాగతించాడు. ఆ పెద్దరికం నాకు ఎంతో నచ్చుతుంది.

1934లో లోమన్ ఈ రెంటికీ సంబంధం చూపాడు. ఏటీపీ ఒక ఫాస్ఫేటును వదిలి ఖర్చయితే, ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును దానికి ఇచ్చి తిరిగి ఏటీపీని చేస్తుంది. సంసారపక్షంగా చెప్పాలంటే ఏటీపీ జేబులోని చిల్లర. ఫాస్ఫోక్రియాటిన్ బీరువాలోని రొక్కం. చక్కెర, కొవ్వు గాదెలోని ధాన్యం. అంగట్లో చెల్లేది చిల్లరే. ధాన్యం ఎంత ఉన్నా దంచి, అమ్మి, సొమ్ము చేసుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపల ఇల్లు గడిపేది బీరువాలోని రొక్కం. కండరంలోని ఏటీపీ తీవ్రమైన పనిలో రెండు మూడు సెకనులకు మించి చాలదు. ఫాస్ఫోక్రియాటిన్ మరో పది సెకనుల వరకు ఆదుకొంటుంది. లారీ మీదినుంచి యాభై కిలోల సిమెంటు బస్తాను వీపు మీదికి అందుకొనే హమాలీ ఆ క్షణంలో బతికేది ఈ రొక్కం మీదే. నూరు మీటర్ల పరుగు పోటీ కూడా అంతే.

ఈ చిల్లర-రొక్కం మార్పిడి ఎంత వేగంగా జరుగుతుందంటే, కండరం ముడుచుకొనేటప్పుడు నిజంగా ఏటీపీ తగ్గుతుందా అని చాలాకాలం ఎవరూ ప్రత్యక్షంగా చూపలేకపోయారు. తగ్గిన మరుక్షణమే నిండిపోతుంది మరి. 1962లో కెయిన్, డేవీస్ అనేవారు ఆ మార్పిడిని రసాయనంతో స్తంభింపజేసి, ఒక్క ముడుపులో ఏటీపీ తగ్గడాన్ని కొలిచి చూపించారు. అప్పటికి సుబ్బారావుగారు పోయి పద్నాలుగేళ్లు.

ఇంతవరకూ శక్తి. ఇక బలం మాట.

1939లో సోవియట్ దేశంలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు కండరంలోని మయోసిన్ అనే మాంసకృత్తే ఏటీపీని విరుస్తుందని తెలుసుకొన్నారు. అనగా సొమ్ము పుచ్చుకొనేవాడూ, పని చేసేవాడూ ఒక్కడే. రెండో ప్రపంచయుద్ధం సాగుతున్న రోజులలో హంగరీలో సెంట్-జ్యోర్జి బృందం ఆక్టిన్ అనే రెండో మాంసకృత్తును గుర్తించింది. ఈ రెంటినీ కలిపి గాజుపలక మీద దారాలుగా తీసి ఏటీపీ చుక్క వేస్తే ఆ దారాలు ముడుచుకొన్నాయి. ప్రాణం లేని దారం కదిలింది! 1954 మే నెలలో ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కేలది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇంటిపేర్లు ఒకటే అయినా హక్స్‌లీలిద్దరికీ చుట్టరికం లేదు. ఇద్దరూ చెప్పింది ఒకటే. కండరం ముడుచుకొనేటప్పుడు అందులోని పోగులేవీ పొట్టివి కావు. లావు పోగుల నడుమకు సన్న పోగులు జారివస్తాయి.

బావిలో చేద తోడినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. చేంతాడు పొట్టిది కాదు. చేతులు పొట్టివి కావు. ఒక చేయి తాడు పట్టి లాగుతుంటే మరో చేయి విడిచి పైకి వెళ్లి కొత్త చోట పట్టుకొంటుంది. బక్కెట్టు పైకి వస్తుంది. సన్నని ఆక్టిన్ పోగు చేంతాడు. లావు మయోసిన్ పోగు నుంచి బయటికి చాచుకొన్న తలలు చేతులు. ఒక్కో పోగుకు అటువంటి చేతులు కొన్ని వందలు. ఒక తల ఒకసారి లాగితే జరిగే దూరం మిల్లీమీటరులో లక్షో వంతు లేదా అంతకన్న తక్కువ. దాని బలం ఎంత స్వల్పమంటే ఒక్క గ్రాము బరువును నిలపడానికే కొన్ని వందల కోట్ల తలలు పక్కపక్కన చేరి ఒకేసారి లాగాలి. నాడి ఆజ్ఞ రాగానే కండరకణంలో కాల్షియం విడుదలై ఆక్టిన్ మీది అడ్డు తొలగుతుంది. జపాను శాస్త్రజ్ఞుడు ఎబాషి 1960లలో తేల్చిన సంగతి ఇది. అడ్డు తొలగితేనే తలలు పట్టుకొంటాయి.

ఇక్కడ చాలామంది తలకిందులుగా ఊహించే విషయం ఒకటుంది. తల పట్టు వదలడానికి ఏటీపీ వచ్చి దానికి అంటుకోవాలి. పట్టుకోవడానికి కాదు, వదలడానికి! వదిలిన తరువాత ఏటీపీ విరిగి, విల్లు ఎక్కుపెట్టినట్లు తలను తిరిగి సిద్ధం చేస్తుంది. అది మళ్లీ పట్టుకొని, విరిగిన ఫాస్ఫేటును విడిచిపెడుతూ లాగుతుంది. ఏటీపీ అందకపోతే పట్టిన పట్టు పట్టినట్లే ఉండిపోతుంది. ప్రాణం పోయిన కొన్ని గంటలకు దేహం కొయ్యబారడానికి కారణం ఇదే. లుండ్స్‌గార్డ్ కండరం చివరకు బిగుసుకుపోయిందని చెప్పాను కదా, అక్కడ జరిగిందీ ఇదే.

హమాలీ బస్తాను వీపున పెట్టుకొని, గోదాము తలుపు తెరిచేదాకా కదలకుండా నిలబడ్డాడనుకోండి. భౌతికశాస్త్ర పుస్తకం ప్రకారం బస్తా జరగలేదు కనుక అతను చేసిన పని సున్న. అతని చెమటను అడిగితే వేరే జవాబు వస్తుంది. బస్తా కదలకపోయినా లోపల కోటానుకోట్ల చేతులు పట్టుకొంటూ వదులుతూ, వదిలిన ప్రతిసారీ ఒక ఏటీపీని చెల్లిస్తూనే ఉన్నాయి. కూలి లెక్కగట్టేవారికి ఈ సూక్ష్మం తెలిస్తే బాగుండునని నాకు అనిపిస్తుంది.

కండ పొడవును బట్టి బలం రాదు, మందాన్ని బట్టి వస్తుంది. పక్కపక్కన ఎన్ని పోగులున్నాయన్నదే లెక్క. వ్యాయామం వల్ల పోగుల సంఖ్య పెరిగి కణం లావెక్కుతుంది. ఒకేసారి ఎక్కువ కణాలను పనిలో దించడం నాడులు నేర్చుకొంటాయి. రొమ్ము మీదికి ఏనుగును ఎక్కించుకొని, ఇనుప గొలుసులు తెంచి, కలియుగ భీముడని పేరొందిన కోడి రామ్మూర్తి నాయుడుగారు 1942లో గతించారు. ఉత్తరాంధ్ర వీరఘట్టంలో పుట్టిన ఆ మల్లుడు దేశమంతటా కండబలం ప్రదర్శిస్తున్న తరంలోనే, మరో తెలుగువాడు సముద్రాల కావల ఆ బలానికయ్యే ఖర్చు లెక్క రాస్తున్నాడు. ఒకరి సంగతి ఒకరు విన్నారో లేదో!

సుబ్బారావుగారికి 1930లో హార్వర్డు పీహెచ్‌డీ వచ్చింది. స్థిరమైన ఆచార్య పదవి మాత్రం రాలేదు. అదే ప్రయోగశాలలో పరిశోధన చేసి 1988లో నోబెల్ అందుకొన్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థాలను చాలా ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందనీ, ఫిస్కే అసూయ వల్ల అవి వెలుగు చూడలేదనీ చెప్పారు. నోబెల్ రాలేదన్నదాని కన్న, చేసిన పని బీరువాలలో మగ్గిపోయిందన్నదే నన్ను ఎక్కువ బాధిస్తుంది. బహుమానం ఒక మనిషికి చెందినది, పని అందరిదీ. 1940లో ఆయన లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, 1948 ఆగస్టులో మరణించేలోగా ఫోలికామ్లం సంశ్లేషణకూ, కాన్సరుకు వాడే మెతోట్రెక్సేటుకు దారితీసిన కృషికీ, బోదకాలు మాత్ర డీఈసీకీ నాయకత్వం వహించారు. తోబుట్టువులను చంపిన స్ప్రూకు ఫోలికామ్లం మందుగా నిలిచింది. వాటిని గురించి ఇతర మిత్రులు విపులంగా రాశారు కనుక నేను పునరుక్తి చేయను. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

నీలిరంగు పద్ధతి మాత్రం ఇంకా బతికే ఉంది. ప్రపంచవ్యాప్తంగా జీవరసాయన విద్యార్థులు తరతరాలుగా ‘ఫిస్కే-సబ్బారో’ అని దానిని పిలుస్తున్నారు. ఆంగ్ల లిపిలో ఆయన పేరు రాసిన తీరు వల్ల, ఆ సబ్బారో మన సుబ్బారావేనని తెలుగు విద్యార్థులే పోల్చుకోలేకపోవడం నేను ఎరుగుదును. ఏటీపీని విరిచే మాంసకృత్తులను పరీక్షించవలసి వస్తే, విడుదలైన ఫాస్ఫేటును కొలవడానికి దశాబ్దాల పాటు ఈ పద్ధతే గతి. 1972లో మా పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలసిన తరువాత నేల, భాస్వరం వంటి మాటలు మా ప్రాంతపు రైతుల నోట కూడా వినబడసాగాయి. నేలలో మొక్కకు అందే భాస్వరాన్ని కొలిచే వాడుక పద్ధతులలోనూ మాలిబ్డేటు కలిపి నీలిరంగు తెప్పించడమే ఉంది. క్షయకరణానికి ఇప్పుడు తరచు ‘సి’ విటమిను వాడతారు. చక్కగా అమర్చిన పరీక్షలో పావుగంటో అరగంటో ఆగితే రంగు స్థిరపడుతుంది. ఆ తరువాతే లెక్క రాసుకొంటారు.